నానోకణాల మీద ఎంజైమ్ బిగించేటప్పుడు: కొత్తగా పరిశోధనలో చేరిన అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి. హారికకు పెదనాన్న ఆశీస్సులు.

లాక్టేజ్ ఎంజైమును అయస్కాంత నానోకణాల మీద బిగించి, పన్నీరు తీశాక మిగిలే విరుగుడు నీళ్లలోని లాక్టోజును విడగొట్టే పని తీసుకున్నానని రాశావు. మంచి పనే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి చెడతాయి అని అడిగావు కాబట్టి అన్నీ రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. నువ్వు పోసిన ప్రతి యూనిట్ ఎంజైమ్ (నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని విడగొట్టేంత ఎంజైమ్ ఒక యూనిట్) చివరికి ఎటు పోయిందో నోటుపుస్తకంలో ఉండాలి. కణం మీద పనిచేస్తున్నది ఎంత, పైతేటలో (కణాలను లాగేశాక పైన మిగిలే ద్రవంలో) మిగిలింది ఎంత, కడిగిన నీళ్లలో పోయింది ఎంత, చచ్చిపోయింది ఎంత. ఈ రంగంలో వచ్చే పేపర్లలో సగం బలహీనత ఇక్కడే ఉంటుంది. పైతేటలో ప్రోటీన్ తగ్గింది కదా అని "90 శాతం బిగిసింది" అని రాసేస్తారు. ఆ బిగిసినదాంట్లో బతికున్నది ఎంతో చెప్పరు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. బొగ్గుపొడికి అంటుకున్న ఇన్వర్టేజ్ పనిచేస్తూనే ఉందని నెల్సన్, గ్రిఫిన్ 1916లోనే చూపించారు. 1969లో జపాన్‌లో తనాబే కంపెనీలో చిబాటా బృందం అమైనోఎసైలేజ్‌ను డీఈఏఈ-సెఫడెక్స్ అనే ఆవేశమున్న జెల్ పూసల మీద నిలిపి అమైనో ఆమ్లాలను పారిశ్రామికంగా తయారుచేసింది. ఇవాళ మనం మింగే అమాక్సిసిలిన్‌కు మూలమైన 6-ఏపీఏ తయారయ్యేది కూడా వాహకానికి (ఎంజైమును మోసే ఘనపదార్థానికి) బిగించిన పెనిసిలిన్ ఎసైలేజ్‌తోనే. అయితే ఆ కర్మాగారాల్లో వాడేవి నానోకణాలు కావు, కంటికి కనిపించే పూసలు. లైపేజ్‌లలో పేరుమోసిన నోవోజైమ్ 435 కూడా అర మిల్లీమీటరు అటూఇటూ ఉండే యాక్రిలిక్ పూసలే. కాలమ్‌లో పోసి ద్రావణం పారించాలంటే పూసలే నయం. నానోకణాలు పోస్తే కాలమ్ పూడిపోతుంది. మరి నీకు నానో ఎందుకు? విరుగుడు నీళ్లలో కేసిన్ నలుసులు, కొవ్వు ఉంటాయి. అలాంటి మురికి ద్రావణంలోంచి పూసలను వడకట్టబోతే జల్లెడ పూడుకుపోతుంది. అయస్కాంతం మాత్రం తన కణాలను తను లాగేసుకుంటుంది. నీ ఎంపికకు ఇదే సరైన కారణం. "ఉపరితల వైశాల్యం ఎక్కువ" అన్న మాటను అంత గట్టిగా వాడకు. ఎందుకో లెక్క చూడు. 10 నానోమీటర్ల మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్) గోళానికి సాంద్రత 5.2 అనుకుంటే గ్రాముకు దాదాపు 115 చదరపు మీటర్లు వస్తుంది. కానీ నీ ఎంజైమ్ అణువే ఆరేడు నానోమీటర్లు ఉంటుంది. పైగా కణాలు విడివిడిగా ఉండవు, గుత్తులు కడతాయి. గుత్తి లోపలి ఉపరితలం ఎంజైముకు అందదు. కాగితం మీద గ్రాముకు 200 మిల్లీగ్రాముల ప్రోటీన్ పట్టాలని లెక్క తేలినా, ఆచరణలో 30 నుంచి 60 వస్తే బాగానే వచ్చినట్టు.

ఇక కణాల తయారీ. 100 మి.లీ. నీళ్లను అరగంట నైట్రోజన్ బుడగలతో గాలి తీసేసి, అందులో ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.4 గ్రాములు, ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ 2 గ్రాములు కరిగించు. ఫెర్రిక్ రెండు పాళ్లు, ఫెర్రస్ ఒక పాలు అన్నమాట. 80 డిగ్రీలకు వేడిచేసి, బాగా తిప్పుతూ 25 శాతం అమ్మోనియా 12 నుంచి 15 మి.లీ. ఒక్కసారిగా పోయి. వెంటనే నల్లగా మారాలి. నైట్రోజన్ ఆపకుండా అరగంట ఉంచి చల్లార్చు. అంతా సవ్యంగా జరిగితే రెండు గ్రాములకు పైగా మాగ్నెటైట్ వస్తుంది. నలుపు బదులు గోధుమ రంగు వస్తే ముందు ఫెర్రస్ క్లోరైడ్ సీసా తెరిచి చూడు. మంచిది లేత ఆకుపచ్చగా ఉంటుంది. పసుపు, గోధుమ రంగుకు తిరిగిందంటే గాలి తగిలి ఫెర్రిక్‌గా మారిపోయినట్టే, నీ రెండుకు ఒకటి నిష్పత్తి అప్పటికే చెడిపోయింది. ఆ సీసాతో ఎన్నిసార్లు చేసినా అంతే.

తిప్పడానికి మాగ్నెటిక్ స్టిర్రర్ వాడకు. చెబితే నవ్వొస్తుంది కానీ, ప్రతి ల్యాబులో ఎవరో ఒకరు ఈ పని చేస్తారు. కణాలన్నీ పోయి స్టిర్రర్ బార్‌కు మీసాల్లా అంటుకుంటాయి. పైనుంచి తిప్పే మోటారు, గాజు లేదా టెఫ్లాన్ కడ్డీ పెట్టుకో. చిన్న గొట్టాలైతే రొటేటర్ చాలు.

కడగడం నీళ్లతో, పీహెచ్ 7కు వచ్చేదాకా. ఆ తర్వాత కణాలను ఓవెన్‌లో ఎండబెట్టకు. ఎండితే గట్టిపడిన ముద్దలవుతాయి, మళ్లీ ఎంత సోనికేట్ చేసినా (శబ్ద తరంగాలతో కదిలించినా) పూర్తిగా విడిపోవు. తడిముద్దగానే దాచుకుని, దాంట్లోంచి ఒక్కో మి.లీ. చొప్పున మూడు నమూనాలు మాత్రం 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వెయ్యి. మి.లీ.కు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. ఇకమీదట కణాలను పిపెట్‌తోనే కొలుచుకోవచ్చు.

వట్టి మాగ్నెటైట్ మీద నేరుగా ఎంజైమ్ బిగించాలని చూడకు, సిలికా పొర తప్పనిసరి. నీ లాక్టేజ్ ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి వచ్చింది, అది పనిచేసేది పీహెచ్ 4.5–5 దగ్గర. ఆ పులుపులో వట్టి కణాల నుంచి ఇనుము మెల్లగా కరుగుతుంది. సిట్రేట్ బఫరైతే ఇంకా వేగంగా, ఎందుకంటే సిట్రేట్ ఇనుమును పట్టి లాగుతుంది. పన్నీరు చాలాచోట్ల సిట్రిక్ ఆమ్లంతోనే విరుస్తారు కదా, అంటే నీ అసలు ద్రావణంలోనే సిట్రేట్ ఉంది! అందుకని ఒక గ్రాము కణాలను 160 మి.లీ. ఇథనాల్, 40 మి.లీ. నీళ్లలో అరగంట సోనికేట్ చేసి, 5 మి.లీ. అమ్మోనియా కలిపి, ఒక మి.లీ. టీఈఓఎస్‌ను (సిలికా పొరకు మూలమైన ద్రవం ఇదే) పది మి.లీ. ఇథనాల్‌లో కలుపుకుని చుక్కచుక్కగా వేసి, ఆరు గంటలు తిప్పు. అయస్కాంతం పెట్టాక పైతేట పాలలా తెల్లగా ఉంటే టీఈఓఎస్ ఎక్కువైందని అర్థం: సిలికా కణాలను కప్పకుండా విడిగా గోళాలు కట్టింది. వాటిని పారబోసి, కణాలు కడుక్కుని, ఈసారి టీఈఓఎస్ సగానికి తగ్గించు. పొర సరిగ్గా పట్టిందో లేదో తేల్చడానికి చౌకైన పరీక్ష ఉంది. కొన్ని కణాలను పీహెచ్ 4.5 సిట్రేట్‌లో రాత్రంతా ఉంచి, మర్నాడు పైతేటలో ఇనుము ఎంతో చూడు. ఒకటి గుర్తుంచుకో, సిలికా పీహెచ్ 9 దాటితే మెల్లగా కరుగుతుంది. క్షారంలో ఎక్కువసేపు ఉంచకు.

తర్వాత ఏపీటీఈఎస్, అంటే సిలికా మీద అమైన్‌లు తగిలించే ద్రవం. గ్రాము కణాలకు 100 మి.లీ. 95 శాతం ఇథనాల్, 2 మి.లీ. ఏపీటీఈఎస్, ఐదు గంటలు. కొంచెం నీరు ఉండాలి, లేకపోతే చర్య సాగదు. ఎక్కువైతే ఏపీటీఈఎస్ తనలో తనే అల్లుకుపోతుంది. ఇథనాల్‌తో మూడుసార్లు, నీళ్లతో రెండుసార్లు కడుగు. ఈ కడగడంలో బద్ధకిస్తే, మిగిలిపోయిన ఏపీటీఈఎస్ తర్వాతి మెట్టులో ఎంజైమును అమైన్‌కు ముడివేయడానికి వాడే గ్లూటరాల్డిహైడ్‌తో కలిసి ద్రావణంలోనే ఎర్రగోధుమ జిగురవుతుంది. అమైన్ పట్టిందో లేదో నిన్‌హైడ్రిన్‌తో చూసుకో, వేడిచేస్తే ఊదారంగు రావాలి. సిలికా పొర మాత్రమే ఉన్న కణాలను పక్కనే పెట్టి పోల్చాలి సుమా, లేకపోతే ఆ రంగుకు అర్థం లేదు.

గ్లూటరాల్డిహైడ్ దగ్గర మాత్రం తొందరపడకు. ఫ్యూమ్ హుడ్‌లోనే తెరువు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. దాని ఆవిరి ఒకసారి పడకుండా పోయిందంటే జీవితాంతం పడదు. 100 మిల్లీగ్రాముల అమైన్ కణాలకు పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫరులో 2.5 శాతం ద్రావణం 10 మి.లీ., గది ఉష్ణోగ్రత దగ్గర గంట నుంచి రెండు గంటలు. పాత సీసాలో గ్లూటరాల్డిహైడ్ గొలుసులు కట్టి ఉంటుంది. దాన్ని పలచన చేసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి చూస్తే తెలుస్తుంది: విడి అణువులు 280 నానోమీటర్ల దగ్గర, గొలుసులు 235 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. ఇవాళ ఒక సీసా, వచ్చే నెల ఇంకో సీసా వాడి ఫలితాలు కలవడం లేదని కొట్టుకునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. చర్య అయ్యాక ఐదారుసార్లు కడుగు. చివరి కడుగు నీళ్లలో ఆల్డిహైడ్‌ను పట్టిచ్చే షిఫ్ రియేజెంట్ రెండు చుక్కలు వేసినా గులాబీరంగు రాకూడదు. వస్తే ఇంకా కడగాలి. మిగిలిన గ్లూటరాల్డిహైడ్ ఎంజైమ్ అణువులను ఒకదానికొకటి అతికించి చంపేస్తుంది. ఆ ముద్ద కణాలతోపాటు అయస్కాంతం దగ్గరకు వస్తుంది, నువ్వేమో అంతా బిగిసిందనుకుంటావు. ఇలా సిద్ధమైన కణాలను ఆ రోజే వాడెయ్యి, దాచకు.

ఎంజైమ్ పొడి సంగతి. మార్కెట్లో దొరికే లాక్టేజ్ పొడిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి నింపుడు సరుకే. 10 మిల్లీగ్రాముల పొడి తూచి 10 మిల్లీగ్రాముల ఎంజైమ్ అని రాయకు. పీహెచ్ 7, 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో కరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి, అదే బఫరు రెండుసార్లు మార్చి చల్లటి గదిలో డయాలసిస్ చేసి (చిన్న అణువులు మాత్రమే దాటిపోయే పొరసంచిలో ఉంచి), అప్పుడు బ్రాడ్‌ఫర్డ్ రంగు పరీక్షతో ప్రోటీన్ కొలువు. డయాలసిస్ ఎందుకంటే, అమ్మోనియం సల్ఫేట్ గానీ ట్రిస్ గానీ గ్లైసిన్ గానీ ఉంటే కణం మీది ఆల్డిహైడ్‌లను అవే ముందు ఆక్రమించుకుంటాయి. పొరపాటున ట్రిస్ బఫరులో బిగించబోయి "ఎంజైమ్ అంటుకోవడం లేదు" అనే పిల్లలు ఏటా కనిపిస్తారు. ట్రిస్ పని చివర్లో ఉంది.

బిగించేటప్పుడు 100 మిల్లీగ్రాముల కణాలకు 5 మిల్లీగ్రాముల ప్రోటీన్, 5 మి.లీ. బఫరులో, రొటేటర్ మీద, 25 డిగ్రీలు. ఇంకో గొట్టంలో అదే ఎంజైమ్, అదే బఫరు, కణాలు లేకుండా. ఈ రెండో గొట్టం లేకుండా ప్రయోగమే మొదలుపెట్టకు. 15, 30, 60, 120, 240 నిమిషాలకు మూడు చోట్ల నుంచి నమూనా తియ్యి: పైతేట, కణాలతో కలిపిన మొత్తం ద్రావణం, ఉత్త ఎంజైమ్ గొట్టం. పైతేటలో చురుకు తగ్గితే ఎంజైమ్ కణానికి పోతోందని అర్థం. మొత్తం ద్రావణంలో చురుకు తగ్గితే బిగిసినది చస్తోందని అర్థం. మొదటిది ఆగిపోయి రెండోది ఇంకా పడిపోతూంటే అక్కడికి ఆపెయ్యాలి. "రాత్రంతా ఉంచాం" అన్నది అలవాటు కొద్దీ చేసే పని; చాలాసార్లు మొదటి రెండు గంటల్లోనే బిగింపు అయిపోయి, మిగతా రాత్రంతా ఎంజైమ్‌కు ఒక్కో లైసీన్ (పక్కన అమైన్ ఉన్న అమైనో ఆమ్లం) దగ్గర కొత్త ముడి పడి ఆకారం వంగుతూ ఉంటుంది. కొన్ని ముడులు వేడికి తట్టుకునే బలమిస్తాయి, మరీ ఎక్కువైతే చురుకు పోతుంది. గెలాక్టోజ్ ఈ ఎంజైమును అడ్డగించే చక్కెర కాబట్టి, 0.1 మోలార్ గెలాక్టోజ్ కలిపి బిగిస్తే అది చురుకుచోటులో కూర్చుని కాపాడుతుంది. కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి చేసి చూడు.

చిక్కు ఇంకొకటుంది. అమైన్ మిగిలిన కణాలు ధనావేశంతో ఉంటాయి. నీ ఎంజైమ్ పీహెచ్ 7 దగ్గర ఋణావేశంతో ఉంటుంది. రసాయన బంధం పడకపోయినా ఆవేశం వల్లే అతుక్కుపోతుంది. అది విరుగుడు నీళ్లలోని లవణాలు తగలగానే ఊడుతుంది. అందుకే బిగింపు అయ్యాక ఒక మోలార్ ఉప్పుతో, ఆపైన 0.1 శాతం ట్రైటాన్ డిటర్జెంటుతో, మళ్లీ బఫరుతో కడిగి, ప్రతి కడుగులోనూ చురుకు కొలవాలి. ట్రైటాన్ ఉన్న నమూనాను బ్రాడ్‌ఫర్డ్‌లో పెట్టకు, ఉత్త డిటర్జెంటుకే నీలం వస్తుంది. అప్పుడు 0.1 మోలార్ ట్రిస్, పీహెచ్ 8లో గంటసేపు ఉంచి, మిగిలిన ఆల్డిహైడ్‌లను మూసెయ్యి. గ్లూటరాల్డిహైడ్ వేసే ముడి నీళ్లలో కొంత తిరిగి విడిపోయే రకం. కావాలంటే సోడియం బోరోహైడ్రైడ్ మి.లీ.కు ఒక మిల్లీగ్రాము, మంచులో, పీహెచ్ 8.5 దగ్గర అరగంట ఇచ్చి గట్టిచెయ్యొచ్చు. కానీ అది కొన్ని ఎంజైములను దెబ్బతీస్తుంది, ముందు పది మిల్లీగ్రాముల కణాల మీద చేసి చూడు.

చురుకు కొలిచే పద్ధతి ఓఎన్‌పీజీతోనే (లాక్టేజ్ విడగొడితే పసుపుపచ్చని నైట్రోఫినాల్ ఇచ్చే పదార్థం) పెట్టుకో. పీహెచ్ 4.5 ఎసిటేట్‌లో 10 మిల్లీమోలార్ ఓఎన్‌పీజీ ఒక మి.లీ., 37 డిగ్రీలు, ఐదు నిమిషాలు కుదుపుతూ. ఆపడానికి ఒక మోలార్ సోడియం కార్బొనేట్ ఒక మి.లీ. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు కార్బొనేట్ పోసి, ఆ తర్వాతే అయస్కాంతం పెట్టాలి. ముందు అయస్కాంతం పెడితే, కణాలు గోడకు చేరేదాకా చర్య సాగుతూనే ఉంటుంది. అర నిమిషం, నిమిషం తేడా అంటే ఐదు నిమిషాల చర్యలో పది, ఇరవై శాతం తప్పు. పైతేటను 420 నానోమీటర్ల దగ్గర చదువు. నల్ల కణం కొద్దిగా మిగిలినా రీడింగ్ పెరుగుతుంది, అనుమానం ఉంటే 600 దగ్గర కూడా చదువు, అక్కడ సున్నా రావాలి. అవశోషణ 0.45 వచ్చిందనుకో. క్షారంలో నైట్రోఫినాల్ అవశోషణ గుణకం 4,500 వేసుకుంటే 0.1 మిల్లీమోలార్, రెండు మి.లీ.లో 0.2 మైక్రోమోల్, ఐదు నిమిషాలకు భాగిస్తే 0.04 యూనిట్లు. గుణకం పుస్తకంలోంచి తీసుకోకుండా నీ బఫరులో నువ్వే స్టాండర్డ్ గీత గీసుకో. కణాలను రెట్టింపు చేస్తే చురుకు రెట్టింపవ్వాలి. అవకపోతే కణాలు గుత్తి కట్టాయి, లేదా కుదుపు చాలలేదు.

ఇప్పుడు లెక్క. 500 యూనిట్లు పోశావనుకుందాం. పైతేట, కడుగు నీళ్లు అన్నీ కలిపి 150 దొరికాయి. కణాల మీద 140 కనబడింది. బిగింపు శాతం 70. బిగిసిన 350లో 140 పనిచేస్తోంది కాబట్టి సామర్థ్యం 40 శాతం. మొత్తం మీద చేతికి దక్కింది 28 శాతం. పేపర్లో ఈ మూడూ వెయ్యాలి, 70 ఒక్కటే వేస్తే మోసం. ఇప్పుడు రెండో గొట్టం చూడు. కణాలు లేకుండానే అక్కడ 500 కాస్తా 450కి దిగింది. అంటే 50 యూనిట్లు బిగింపుతో సంబంధం లేకుండా చచ్చాయి. నిజంగా బిగిసింది దాదాపు 300, సామర్థ్యం 47 శాతం.

బిగింపుకు రుజువుగా ఎఫ్‌టీఐఆర్ (పరారుణ వర్ణపటం) వెయ్యమంటారు, వెయ్యి. ఇనుము-ఆక్సిజన్ 580 దగ్గర, సిలికా 1,080 దగ్గర స్పష్టంగా వస్తాయి. 1,640 దగ్గర కనిపించేదాన్ని మాత్రం "ఇదిగో కార్బన్-నైట్రోజన్ జంటబంధం" అని రాయకు. ప్రోటీన్ అమైడ్ పట్టీ అక్కడే, మిగిలిన తేమ కూడా అక్కడే. ఉప్పు, డిటర్జెంట్ కడుగులు తట్టుకుందన్నదే అంతకంటే గట్టి సాక్ష్యం.

పునర్వినియోగం గ్రాఫు గురించి కాస్త కఠినంగానే రాస్తాను. చర్య 20 నిమిషాల్లో పూర్తయ్యేంత ఎంజైమ్ వేసి, మూడు గంటలు ఆగి, "పదోసారి కూడా 100 శాతం" అనడం పరిపాటి. ఎంజైములో 80 శాతం పోయినా ఆ చర్య 100 నిమిషాల్లో పూర్తవుతుంది. మూడు గంటల తర్వాత చూసేవాడికి ఏమీ తేడా కనిపించదు. ప్రతి విడతలోనూ లాక్టోజు పది, పదిహేను శాతం విడిపోయేలోపే వేగం కొలువు. తగ్గితే ఎందుకు తగ్గిందో మూడు ముక్కలుగా విడగొట్టు. ఒకటి, కణాలే పోవడం: విడతకు రెండు శాతం చొప్పున పైతేటతో పారబోసినా ఇరవై విడతలకు మూడో వంతు పోతుంది, చివర కణాలను ఆరబెట్టి తూచితే తెలుస్తుంది. రెండు, ఎంజైమ్ ఊడడం: చర్య మధ్యలో కణాలను తీసేసి పైతేటను గంట అలాగే ఉంచు, గ్లూకోజు ఇంకా పెరుగుతుంటే ఊడినట్టే. మిగిలినది చావు, లేదా కేసిన్ పూత. కేసిన్ పూతకు ఉప్పు, చల్లటి బఫరు వాడు. డెయిరీల్లో కడిగినట్టు కాస్టిక్ సోడా పోస్తే సిలికా, ఎంజైమ్ రెండూ పోతాయి.

గ్లూకోజు కొలవడానికి గ్లూకోజ్ ఆక్సిడేజ్–పెరాక్సిడేజ్ కిట్ వాడతావు కదా, జాగ్రత్త. మాగ్నెటైట్ నానోకణాలకే పెరాక్సిడేజ్ గుణం ఉందని 2007లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. కణాలు కానీ, కరిగిన ఇనుము కానీ నమూనాలో మిగిలితే కిట్ రంగు లెక్క తప్పుతుంది. ఎంజైమ్ లేని కణాలతో ప్రతి పరీక్షా ఒకసారి చెయ్యి. పైగా ఈ లాక్టేజ్, లాక్టోజు చిక్కగా ఉన్నప్పుడు గెలాక్టోజును గ్లూకోజు నుంచి విడదీసి ఇంకో చక్కెర మీద అతికించి గెలాక్టో-ఓలిగోశాకరైడ్‌లు చేస్తుంది. అప్పుడు గ్లూకోజును బట్టి లాక్టోజు ఎంత పోయిందో ఊహిస్తే తప్పొస్తుంది, కొన్ని నమూనాలకైనా హెచ్‌పీఎల్‌సీ (ఒక్కో చక్కెరను విడివిడిగా కొలిచే పద్ధతి) వేయించు.

ఇంకో మాట. బిగించాక ఎంజైముకు నచ్చే పీహెచ్ అర పాయింటో ఒక పాయింటో పులుపు వైపు జరిగితే ఎంజైమ్ మారిందని అనుకోకు. ధనావేశమున్న కణం దగ్గర పీహెచ్ బయటికంటే ఎక్కువగా ఉంటుంది, కనుక బయట పులుపు పెంచితేనే ఎంజైముకు తనకు కావలసినది అందుతుంది. వాహకం ఆవేశం ఇలా పీహెచ్‌ను జరుపుతుందని వివరించిన ఎఫ్రయీమ్ కచల్స్‌కీ ఆ తర్వాత 1973లో ఇజ్రాయెల్ రాష్ట్రపతి అయ్యాడు. ఎంజైములు బిగించినవాడు దేశాధ్యక్షుడు కావడం మన రంగానికే దక్కిన గొప్ప! నీ కణాల విషయంలో తేల్చుకోవాలంటే పీహెచ్ మారుస్తూ చురుకు కొలిచిన గ్రాఫునే 0.5 మోలార్ ఉప్పులో మళ్లీ తియ్యి. ఆవేశం వల్ల వచ్చిన జరుగుడైతే ఉప్పులో చాలావరకు పోతుంది.

నీ పక్క బెంచీ అమ్మాయి ఇవే కణాల మీద ఆస్పరాజిన్‌ను విడగొట్టే ఆస్పరాజినేజ్ పెట్టి రక్తక్యాన్సర్ మందుకు వాడొచ్చా అని అడిగిందన్నావు. ఆలోచన బాగుంది. ఆస్పరాజిన్ చిన్న అణువు, ఎంజైమ్ దగ్గరికి అదే నడిచొస్తుంది కాబట్టి ఎంజైమును వాహకం నుంచి విడుదల చెయ్యక్కర్లేదు. పీఈజీ అనే పాలిమర్ గొలుసులు తగిలించిన ఆస్పరాజినేజ్‌కు అమెరికాలో 1994లోనే అనుమతి వచ్చింది. శరీరంలో అది మామూలుదానికంటే చాలా రోజులు ఎక్కువ నిలుస్తుంది. కానీ నీ తయారీ విధానం ఇంజెక్షన్‌కు పనికిరాదు. గ్లూటరాల్డిహైడ్ ఆనవాళ్లు ఉండకూడదు. ఆటోక్లేవ్ చేస్తే ఎంజైమ్ చస్తుంది. 0.22 మైక్రాన్ వడపోతలో 200 నానోమీటర్లు దాటిన గుత్తులు ఇరుక్కుంటాయి, కాబట్టి మొదటి నుంచీ క్రిమిరహితంగానే తయారుచెయ్యాలి. ఈ.కోలై బాక్టీరియా నుంచి తీసిన ఎంజైములో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. దాన్ని కొలిచే ఎల్ఏఎల్ పరీక్షకు నల్ల కణాలు అడ్డు తగులుతాయి. తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపి, దాంట్లో 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి కనబడితేనే ఆ రీడింగును నమ్మాలి. ఆస్పరాజినేజ్ నాలుగు ముక్కలు కలిసిన ఎంజైమ్. ఒక్క ముక్కే కణానికి బిగిస్తే పలచన చేసినప్పుడు మిగతావి విడిపోయే ప్రమాదం ఉంది. బిగించిన కణాలను ఎస్‌డీఎస్ డిటర్జెంటులో మరిగించి జెల్ మీద నడిపితే విడి ముక్కలు కనిపిస్తాయో లేదో తెలుస్తుంది. పరీక్షలు బఫరులో కాకుండా 37 డిగ్రీల ప్లాస్మాలో చెయ్యమను. ప్లాస్మా ప్రోటీన్లు కణం చుట్టూ పేరుకుంటే కథ మారిపోతుంది. వాటిని లివర్, ప్లీహం పట్టేసుకోవడం ఇంకో సమస్య.

నీ విరుగుడు నీళ్లకు కూడా ఆహార నియమాలు ఉంటాయి కనుక, పని కుదిరాక గ్లూటరాల్డిహైడ్ బదులు జెనిపిన్ ప్రయత్నించు. గార్డీనియా కాయల నుంచి వస్తుంది, ఖరీదు ఎక్కువ, ప్రోటీన్ తగిలితే నీలంగా మారుతుంది. ఆ నీలం నీ రంగు పరీక్షలకు అడ్డొస్తుందేమో ఖాళీ కణాలతో ముందే చూసుకో. విరగని మామూలు పాల మీద కూడా చెయ్యమని గైడు గారు అడిగితే ఈ ఎంజైముతో ఒప్పుకోకు. పాల పీహెచ్ 6.6 దగ్గర ఇది నీరసంగా పనిచేస్తుంది, దానికి క్లూవెరోమైసిస్ లాక్టిస్ అనే ఈస్ట్ నుంచి వచ్చే లాక్టేజ్ తెప్పించుకోవాలి. ఆ ఎంజైముకు మెగ్నీషియం, పొటాషియం అవసరం.

తయారైన కణాలను పీహెచ్ 5 బఫరులో, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచు. ఫ్రీజర్‌లో పెట్టకు, గుత్తి కడతాయి. బూజు పట్టకుండా 0.02 శాతం సోడియం ఎజైడ్ వేసుకోవచ్చు, కానీ విరుగుడు నీళ్లలో వేసే ముందు బాగా కడగాలి. పెరాక్సిడేజ్, కెటలేజ్ పనిచేసేవాళ్లకు నీ ఎజైడ్ బఫరు అరువివ్వకు, వాళ్ల ఎంజైములను అది ఆపేస్తుంది.

కొనేటప్పుడు ఏపీటీఈఎస్, టీఈఓఎస్ చిన్న సీసాలే కొను, తెరిచాక తేమ పట్టి పాడవుతాయి. గ్లూటరాల్డిహైడ్ ఆంప్యూళ్లలో దొరికితే అవే మంచివి. అయస్కాంతం మాత్రం పెద్ద నియోడిమియం దిమ్మ తీసుకో, 50 మి.లీ. గొట్టానికి ఆనేటంతది. ఫోనూ, ఏటీఎం కార్డూ దానికి దూరంగా పెట్టు.

ఇట్లు,
పెదనాన్న